గ్రహణం పూట కేబుల్ అతుకు

కేబుల్ తీగె లోపల నేత ఉంటుందని మా ఇంట్లో మొదట కనిపెట్టింది బాపు. అప్పటిదాకా మాకది ఒక నల్లటి తాడు. స్తంభం మీది నుంచి పెంకుల మీదికి, అక్కడి నుంచి దర్వాజ పైన కొట్టిన రంధ్రంలోకి, రంధ్రంలోంచి టీవీ వెనక్కి వచ్చేది. దాంట్లోంచి బొమ్మలు వస్తాయని తెలుసు. ఎట్లా వస్తాయని ఎవరం అడగలేదు.

మాది నల్లగొండ జిల్లాలో మగ్గాల ఊరు. ముందరి అర్రలో గుంటమగ్గం, దాని వెనుక చిన్న అర్ర, ఆ వెనుక వంట చేసుకునే చోటు. బాపు పొద్దంతా గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం ముందు కూర్చునేవాడు. ఆయన పోయి ఏడాది కావస్తున్నది. వచ్చినవాళ్లంతా ఆయన మంచితనం చెప్పి పోయారు. బాపు మంచివాడే. నాకు చెప్పాలనిపించేది మాత్రం ఆయన పదిహేనేళ్లు మోసిన ఒక కోరిక గురించి. అది తీరుతుందో లేదో ఒక తీగె మీద ఆధారపడిన పొద్దు గురించి.

ఎనభైలో మా ఊరి మీద సంపూర్ణ సూర్యగ్రహణం పడింది. నేనప్పుడు బడికి పోయే పిల్లను. ఆ నీడ దారిలో నిలబడడానికి శాస్త్రం తెలిసినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో పెద్ద పెద్ద గొట్టాలు మోసుకుని మా చుట్టుపక్కలకు వచ్చారని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆ దారిలోనే ఇల్లు కట్టుకుని ఉన్న మేము తలుపులు వేసుకున్నాం.

వేయించింది అవ్వ, బాపు తల్లి. నీళ్ల కుండ మీద, పచ్చడి జాడీ మీద గరికపోచలు వేసింది. మగ్గం ఆపించింది. కిటికీకి గోనెసంచి కట్టించింది. బాపు దర్వాజ దగ్గర నిలబడి, "ఒక్కసారి తొంగి చూసొస్తనే" అన్నాడు.

"చూసొచ్చి ఏం జేస్తవ్? కండ్లు పోయినంక మగ్గం నేనేస్తనా?" అంది అవ్వ.

ఆయన గుంటలోకి దిగి కూర్చున్నాడు. ఆ ఇంట్లో అవ్వ మాటకు ఎదురుండేది కాదు.

మధ్యాహ్నం దాటాక పెంకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలు మారిపోయాయి. రోజూ అవి గుండ్రంగా పడేవి. ఆ రోజు తెల్లటి పడుగు మీద చిన్న చిన్న కొడవళ్లలాగా పడ్డాయి, పదులకొద్దీ, అన్నీ ఒకే వైపుకు వంగి. సన్నటి రంధ్రంలోంచి వచ్చే వెలుగు సూర్యుడి ఆకారాన్నే నేల మీద వేస్తుందని అప్పుడు ఎవరికీ తెలియదు. బాపు చెయ్యి చాపాడు. ఆయన అరచేతిలో ఒక కొడవలి పడింది. అవ్వ ఆ చెయ్యిని పక్కకు కొట్టింది.

తర్వాత చీకటి వచ్చింది. పొద్దుగూకినట్టు మెల్లగా రాలేదు. ఎవరో కప్పు మీద దుప్పటి పరిచినట్టు వచ్చింది. కోళ్లు గంప కిందికి దూరాయి. వీధిలో చప్పుడు లేదు. ఊళ్లో అన్ని మగ్గాలు ఒక్కసారి ఆగడం నేను వినడం అదే మొదలు. చలిగా అనిపించింది. అంతలో ఊరి బయట బోడు గుట్ట వైపు నుంచి ఎవరో గట్టిగా అరిచారు. భయపడిన అరుపో సంతోషపడిన అరుపో తెలియలేదు.

అరిచింది మేకలు కాసే ముసలాయన. బండల మధ్య దాక్కునే చోటు లేక బయటే ఉండిపోయాడు. మర్నాడు మా అరుగు మీద కూర్చుని చెప్పాడు: "సూర్యుడు నల్లగైండు. సుట్టూ తెల్లగ ఎంటికలు లేచినయి. ముసలమ్మ జుట్టు ఇరబోసుకున్నట్టు."

"గాలికి ఊగినయా?" అని అడిగాడు బాపు.

"ఊగలే. ఊరికెనే ఉన్నయి."

"ఎంత పొడుగు?"

"నీయవ్వ, నేనేమన్న కొలిసిన్నా!"

బాపు ఆ ముసలాయన్ను చాలాసార్లు అడిగాడు. ఒకసారి రుమాలు గుడ్డలో ఆ బొమ్మ దించాలని చూశాడు. మా దగ్గర నేతకు ముందే నూలును ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి కింద రంగు పట్టదు, అంచుల్లో కొద్దిగా పాకుతుంది. ఆ పాకుడే ఆ వెంట్రుకలు అవుతాయని బాపు ఆశ. ముసలాయన గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసి, "గిది జిల్లేడు పువ్వు" అన్నాడు. బాపు మళ్లీ ప్రయత్నించలేదు.

కానీ పెళ్లిళ్లలో, బస్సుల్లో, గ్రహణం మాట వస్తే చాలు, ఒకే మాట అనేవాడు. "నడినెత్తి మీదికొచ్చిన దాన్ని తలుపేసి పంపించిన." కోపంగా అనేవాడు కాదు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని అన్నం పెట్టకుండా పంపిన మనిషి ఎట్లా అంటాడో అట్లా అనేవాడు. మళ్లీ అట్లాంటిది మా ఊరి మీదికి మన బతుకుల్లో రాదని నేను పుస్తకంలో చదివి చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. ఆయన తల ఊపి, మళ్లీ మగ్గం గుంటలోకి దిగాడు.

అవ్వ పోయింది. ఊళ్లోకి టీవీలు వచ్చాయి. మేము కూడా చిన్న నలుపు తెలుపు పెట్టె ఒకటి తెచ్చుకున్నాం. మొదట కప్పు మీద యాంటెన్నా ఉండేది. కోతులు దాన్ని ఊయల చేసుకుని విరిచాయి. ఆ తర్వాత కేబుల్ వచ్చింది. దాన్ని నడిపింది ఊళ్లో రేడియోలు బాగుచేసే ముస్లిం ఇంటి కొడుకు. వాళ్ల మిద్దె మీద పెద్ద గిన్నె పెట్టి, అక్కడి నుంచి వీధి వీధికీ తీగె లాగాడు. మా వీధిలో మాదే చివరి ఇల్లు.

చివరి ఇల్లు కావడం అంటే ఏమిటో మాకు త్వరగానే తెలిసింది. ఆ తీగెలో బొమ్మ దూరం పోయినకొద్దీ పలచబడుతుంది. అందుకని అక్కడక్కడా స్తంభాలకు బలం పెంచే డబ్బాలు కట్టాడు. ఆ డబ్బా బొమ్మతో పాటు అందులో చేరిన చెత్తను కూడా పెంచుతుంది. ప్రతి ఇంటికీ చీల్చి ఇచ్చిన చోట కొంత పోతుంది, ప్రతి అతుకు దగ్గర కొంత పోతుంది. వీధి మొదట్లో కడిగిన ముఖంలా కనిపించే వార్తలు చదివే ఆమె, మా ఇంటికి వచ్చేసరికి పిండిమిల్లులోంచి వచ్చినట్టు ఉండేది. వాన పడితే తీగెలోకి నీరు దిగేది. ఎండకు పైతొడుగు పగిలేది. పగిలిన ముక్కలు పారేసేవాళ్లు కాదు. వాటితో దండేలు కట్టారు, బర్రెను కట్టారు, రంగు ముంచిన నూలు చిలపలు ఆరేశారు. మా వీధిలో బొమ్మలు మోసిన తీగె కన్నా బట్టలు మోసిన తీగె ఎక్కువ.

తొంభై ఐదులో దీపావళి మర్నాడు గ్రహణమని పేపర్లో వచ్చింది. ఈసారి పూర్తిగా పట్టేది ఉత్తరాన, మా దగ్గర కొంతే. కానీ పూర్తి గ్రహణాన్ని టీవీలో అప్పటికప్పుడు చూపిస్తారని రాశారు. బాపు ఆ ముక్కను చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివాడు. నేను అప్పుడు కడుపుతో ఉండి పండుగకు పుట్టింటికి వచ్చి ఉన్నాను.

"ఇంట్లకెళ్లి చూడొచ్చునట" అన్నాడు అమ్మతో. అంతే అన్నాడు. ఆ రోజంతా మగ్గం చప్పుడు మాత్రం వేగంగా వినిపించింది.

పండుగ ముందర గడ్డిబండి ఒకటి మా వీధిలోకి వచ్చింది. గడ్డి బోరెం ఇంటి కప్పంత ఎత్తుగా వేసుకుని వచ్చి, మా గోడ దగ్గర వేలాడే కేబుల్‌ను తగిలించుకుని తెంపుకుని పోయింది. కేబుల్ నడిపే అతను ఊళ్లో లేడు, దేవరకొండలో అక్క ఇంటికి పోయాడు. పండుగ రాత్రికి వస్తాడని వాళ్ల నాయిన చెప్పాడు.

బాపు ఆగలేదు. తెగిన కొసలు రెండూ తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. నల్లతొడుగు ఒలిచి చూసి నన్ను పిలిచాడు.

"బిడ్డా, గిది చూడు. గీంట్ల నేతున్నది."

నిజంగానే ఉంది. మధ్యలో ఒక రాగి తీగె. దాని చుట్టూ లావుగా తెల్లటి ప్లాస్టిక్. ఆ ప్లాస్టిక్ చుట్టూ వెంట్రుకంత సన్నటి తీగెలు జడలాగా, ఒకటి పైనుంచి ఒకటి కిందినుంచి పోతూ, గొట్టంలా అల్లి ఉన్నాయి. ఇన్నేళ్లుగా మా తలల మీద వేలాడుతున్న దానిలో ఆ అల్లిక ఉందని మాకు తెలియదు. బాపు దాన్ని వేలి మీద వేసుకుని వెలుగుకు పెట్టి చూశాడు. ఎవరు అల్లి ఉంటారు, మనిషా మిషనా అని అడిగాడు. మిషనే అయి ఉంటుందన్నాను. "మిషనైనా ఒకరు నేర్పాలె గద" అన్నాడు.

తర్వాత దాన్ని అతికాడు. నూలు అతికినట్టే అతికాడు. పాత పడుగు అయిపోతుంటే కొత్త పడుగును దానికి పోగు పోగునా కలపడం మా ఇళ్లల్లో రోజూ ఉండే పని. వేళ్లకు బూడిద రాసుకుని, రెండు పోగులు పక్కపక్కన పెట్టి, ఒక్క మెలిక తిప్పితే అవి ఒకటైపోతాయి. అతుకు చేతికి తగలకూడదు. తగిలిందంటే మగ్గంలో ఇరుక్కుంటుంది. బాపు ఆ సన్నటి తీగెల్లో ఒక్కొక్కదాన్ని విప్పి, అవతలి కొసలో దాని జోడును వెతికి మెలిపెట్టాడు. మధ్యలో ఉన్న రాగిని రాగితో కలిపాడు. తెల్ల ప్లాస్టిక్ లావుగా అడ్డం వస్తున్నదని రెండు వైపులా కొంత దూరం ఒలిచి తీసేశాడు. అది ఊరికే నింపడానికి పెట్టిందనుకున్నాడు. చివరికి అన్నిటినీ దగ్గరగా నొక్కి, పైన మైనం పూసిన గుడ్డపేలిక చుట్టాడు. కండ్లు మూసుకుని చేత్తో తడిమితే అతుకు ఎక్కడుందో నాకు దొరకలేదు.

టీవీ పెడితే తెల్లటి చుక్కలు తప్ప ఏమీ రాలేదు. పైగా ఎదురింటామె గోడ మీంచి కేకేసింది. "ఏం జేసినవ్ బావా? మా టీవీల అందరికీ గీతలొస్తున్నయి!"

బాపు అతుకు విప్పి మళ్లీ అతికాడు, ఇంకా సన్నగా. మళ్లీ చుక్కలే. పండుగ నాడు పిల్లలు టపాకాయలు కాలుస్తుంటే ఆయన నిచ్చెన మీద ఉన్నాడు. అమ్మ సేమియా పాయసం గిన్నె పట్టుకుని కింద నిలబడి, "దిగు, రేపు కాకుంటే ఎల్లుండి చూస్తవు" అంది. ఎల్లుండి చూసేది ఏమీ ఉండదని ఆమెకూ తెలుసు. ఆయన దిగలేదు.

గ్రహణం పొద్దున అమ్మ నన్ను చిన్న అర్రలో చాప మీద పడుకోబెట్టింది. కడుపుతో ఉన్నవాళ్లు గ్రహణం విడిచేదాకా కదలకూడదు, గోకకూడదు, ఏదీ తుంచకూడదు. నేను టీచరును, బడిలో పిల్లలకు నిమ్మకాయలనే సూర్యుడూ చంద్రుడూ చేసి గ్రహణం చూపించేదాన్ని. అయినా మారుమాట్లాడకుండా పడుకున్నాను. తలుపు ఓరగా ఉంది. అందులోంచి మగ్గం ఒక గుంజ, టీవీ సగం కనిపిస్తున్నాయి.

వీధి తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఇంకో ఇంటికి పోయి చూసే వీలు లేదు, ఆ పూట ఎవరూ గడప దాటరు, దాటినవాళ్లకు తలుపు తీయరు. అప్పుడు మా తలుపు చప్పుడైంది. కేబుల్ అతను. వాళ్ల నాయిన గ్రహణం నమాజుకు మసీదుకు పోతూ, ముందు మా ఇంటికి పొమ్మని పంపాడట.

అతను నిచ్చెనెక్కి బాపు అతుకును పట్టుకున్నాడు. వేళ్లతో అటూ ఇటూ తడిమాడు.

"కాకా, గిది నువ్వే చేసినవా?"

"ఏం, మంచిగ లేదా?"

"నేను ఇసొంటి అతుకు ఎన్నడు చూడలే. అల్లా కసం. గని గీ తెల్లదేది?"

"ఒలిచేసిన. లావైతాంది."

అతను కింది మెట్టు దాకా దిగి దాని మీదే కూర్చున్నాడు. "కాకా, గా తెల్లది ఉత్తగ నింపింది కాదు. నడుమ రాగి, సుట్టూ గీ అల్లిక జాలి. మా వీధి కాడికెళ్లి మీ ఇంటి దాక రెండూ కలిసే వస్తయి, గని ఒకదానికొకటి తగలద్దు. యాడ తగిలినా ఆడికే ఖతం. గా ఎడం కోసమే గింత లావు తీగె."

ఇది విన్నాక చాలా కాలానికి, నల్లగొండ గ్రంథాలయంలో ఒక పుస్తకంలో చదివాను. ఆ తీగెలో బొమ్మ ప్రయాణించేది అసలు రాగి లోపల కాదట. రాగికీ జాలికీ నడుమ ఉన్న ఆ తెల్లటి ఎడంలోనట. సముద్రాల అడుగున ఖండాల మధ్య మాటలు మోసిన తీగెలూ చాలా కాలం ఇట్లాంటివేనట. చదివి పుస్తకం మూసి కూర్చున్నాను. బాపు ఒలిచి అరుగు కింద పారేసింది సరిగ్గా ఆ దారినే.

ఆ పొద్దున మాత్రం ఆలోచించే సమయం లేదు. ఆకాశంలో గ్రహణం మొదలైపోయింది. కేబుల్ అతను జేబులోంచి బ్లేడు తీశాడు. అమ్మ మగ్గం పక్కనుంచి లేచింది.

"బ్లేడు లోపల పెట్టు కొడుకా. ఇంట్ల కడుపుతోని ఉన్న పిల్ల ఉంది. గ్రహణం ఇడిసేదాక ఏదీ కోసేది లేదు."

"చిన్నమ్మా, ఇంట్ల కొయ్య. బయట గోడ కాడ కోస్త."

"గోడ ఎవలది?"

"మీదే."

"మరి?"

"అయితే స్తంభమెక్కి కోస్త. స్తంభం కరెంటోళ్లది."

"స్తంభం మీదికెళ్లి తీగె యాడికొస్తాంది? నా బిడ్డ పండుకున్న కాడికే గద?"

"కాకా, ఈమెను మగ్గం ముందు కూసోబెట్టి ఖరాబు చేసినవ్. వకీలు కావాల్సిన మనిషి."

బాపు నవ్వలేదు. నాకు ఆయన కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నాడు. పదిహేనేళ్ల కింద అవ్వ ముందు నిలబడినప్పుడూ అట్లాగే నిలబడ్డాడు. ఆయన గట్టిగా అంటే అమ్మ పక్కకు జరిగేది. కానీ లోపల పడుకుని ఉన్నది నేను. నాకేమన్నా అయితే అన్న మాట ఆయన నోట్లోంచి రాలేదు, అడ్డం మాత్రం ఉంది. "ఇగ పోనీ తీయ్" అన్నాడు మెల్లగా. "ఆమె చెప్పింది ఇను."

ఆ మాట విని నేను చాప మీద లేచి కూర్చోబోయాను. అంతలో కేబుల్ అతను అడిగాడు.

"చిన్నమ్మా, పండ్లకు పట్టింపున్నదా?"

"ఏం పండ్లు?"

"నా పండ్లు. రోజూ నేను తీగె ఒలిచేది గీటితోనే. బ్లేడు ఉత్త షోకు."

అమ్మ ఆలోచించింది. ఆమె నిజంగానే ఆలోచిస్తుంది, మాట దాటవేయదు. వీధిలో ఎండ రంగు మారుతున్నది, పాత ఇత్తడి మీద పడినట్టుగా ఉంది. "కొరుకుడు కోసుడు కాదు" అని చివరికి తేల్చింది. "కొరుకు."

తీగెను దించుకుని ఇద్దరూ గడప లోపల కూర్చున్నారు. బాపు తన అతుకును పోగు పోగునా విప్పాడు. కేబుల్ అతను నల్లతొడుగును కొరికి ఒలిచాడు. ఆ జాలిని చెదరకుండా వెనక్కి మడిచింది బాపు వేళ్లు. రాగికి రాగి మెలిపెట్టారు. సంచిలోంచి తీసిన పాత ముక్కలోని తెల్లప్లాస్టిక్‌ను పంటితో నిలువుగా చీల్చి, ఆ మెలిక మీద తొడిగారు. దాని మీద మళ్లీ జాలిని కప్పి, పైన నల్లటేపు చుట్టారు. అతుకు చింతకాయలా ఉబ్బింది. బాపు దాన్ని తడిమి, "థూ" అన్నాడు.

"గిట్ల ఉబ్బితేనే బొమ్మొస్తది కాకా."

అమ్మకు ఇంకో అనుమానం వచ్చింది. "కొడుకా, గా తీగెలకెళ్లి పాటలొస్తయి, కొట్లాటలొస్తయి, ఢిల్లీ వస్తది. గ్రహణం ఒక్కటే రాదా ఇంట్లకు?"

అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. సంచిలోంచి ఇంకో ముక్క తీసి జాలి చూపించాడు. "చిన్నమ్మా, గీ జాలి ఉన్నదే గందుకు. లోపలిది బయటికి పోకుండ, బయటిది లోపలికి రాకుండ."

అమ్మ దాన్ని బొటనవేలితో నొక్కి చూసింది. పుట్టింటా అత్తింటా నేతలో బతికిన మనిషి. "పలచగున్నది" అంది.

"నేనూ గదే అనుకున్న" అన్నాడు బాపు. "పోగులు తక్కువేసిండ్రు."

"ఇండ్లకేసే తీగె గింతే. మెయిన్ లైనుది గట్టిగుంటది" అన్నాడు అతను, తనదే తప్పన్నట్టు.

అమ్మ లేచి పెట్టెలోంచి బాపు నేసిన దుప్పటి ఒకటి తీసింది. మా ఇంట్లో అంత దగ్గర నేత ఇంకోటి లేదు. దాన్ని రెండు మడతలు చేసి నా అర్ర తలుపుకు అడ్డంగా కట్టింది. "ఇగ ఏమొచ్చినా గీడనే ఆగుతది" అంది. నాకు మగ్గం గుంజ కూడా కనిపించకుండా పోయింది.

టీవీ పెట్టిన చప్పుడు వినిపించింది. గరగర. కేబుల్ అతను తీగెను కొద్దిగా తిప్పాడు. గరగర తగ్గి ఒక మగ గొంతు వచ్చింది, హిందీలో, పరుగెత్తి వచ్చి ఆయాసంతో చెబుతున్నట్టు. "వచ్చింది" అన్నాడు బాపు. అది బాపు గొంతని నేను వెంటనే పోల్చుకోలేకపోయాను.

 టీవీలో జనం ఈలలు వేస్తున్నారు, అరుస్తున్నారు. ఉన్నట్టుండి వాళ్లు కూడా ఆగిపోయారు. అప్పుడు నా ముందు దుప్పటి కదిలింది. అమ్మ దాన్ని ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, తల నా వైపు తిప్పకుండానే అంది. "బిడ్డా, చూడు."

తెర నిండా చుక్కలు. అతుకు దగ్గర ఏదో తేడా ఉండి, ప్రతిదానికీ కుడివైపు మసక జోడు ఒకటి కనిపిస్తున్నది. నడుమ నల్లటి బిళ్ల. దాని చుట్టూ తెల్లటివి, మేకల ముసలాయన చెప్పినట్టే, ఊగకుండా, ఊరికెనే ఉన్నాయి. అవి మంటలు కావు, కిరణాలు కావు, దేనితోనూ పోల్చలేను. చిన్న అద్దం మీద, సగం చెడిన బొమ్మగా, వీధి చివర ఇంట్లో చూస్తేనే నా వీపు జలదరించింది. ఎక్కడో వేల మంది తల ఎత్తి చూస్తున్న సూర్యుడు, మా ఊరి మిద్దె మీది గిన్నెలోకి దిగి, ఎదురింటివాళ్ల గోడ మీంచి, కొరికి కట్టిన అతుకులోంచి మా మగ్గం దాకా వచ్చాడు. నాకు శాస్త్రం కొంత తెలుసు. తెలిసినందుకు ఆశ్చర్యం తగ్గలేదు.

బాపు గుంట అంచున కూర్చుని ఉన్నాడు. చేతులు ఒడిలో ఉన్నాయి. ఆ చేతులు ఊరికే ఉండగా నేను చూడడం తక్కువ.

బిళ్ల అంచున ఒక చుక్క మెరిసింది. టీవీలో జనం మళ్లీ అరిచారు. అయిపోయింది. కేబుల్ అతను "వాహ్" అని, కాసేపటికి సంచి సర్దుకుని, మసీదుకు ఆలస్యమైందని పరుగెత్తాడు. అమ్మ దుప్పటి వదిలేసింది, మళ్లీ వెంటనే ఎత్తి కొక్కేనికి తగిలించింది.

"గింత చిన్నగున్నదేంది" అన్నాడు బాపు. తెర మీద బొటనవేలు పెట్టి కొలిచాడు. వేలి కింద పట్టేంత ఉంది. తర్వాత దర్వాజ సందులోంచి పడుతున్న ఎండను చూశాడు. అది మసకగా ఉంది కానీ ఎండే. ఇంట్లో అన్నీ కనిపిస్తున్నాయి, కుండ, రాట్నం, మా ముఖాలు.

"చీకటి రాలే" అన్నాడు.

"టీవీల చీకటెట్లొస్తది?" అంది అమ్మ.

"అదే అంటున్న. బొమ్మొచ్చింది. చీకటి తీగెల రాదు." ఆయన ఆగి ఆగి మాట్లాడుతున్నాడు, పడుగులో తప్పిపోయిన పోగును వెతుకుతున్నప్పటిలాగా. "అప్పుడు వచ్చింది. గీ ఇంట్లకే వచ్చింది. కోళ్లు గంప కిందికి పోయినయి. నా చెయ్యి నాకు కానరాలే."

 గ్రహణం విడిచాక అమ్మ అందరికీ తలంట్లు పోసింది, ఇల్లు కడిగింది, పసుపు నీళ్ల బట్టతో టీవీ అద్దం కూడా తుడిచింది. బయట గోడ మీది తీగెను కూడా తుడవబోతే బాపు ఆపాడు. ఆ ఉబ్బిన అతుకును ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. ఆ తర్వాత వానకు అది పాడయింది, కేబుల్ అతను వచ్చి మార్చాడు.

నా బిడ్డ పుట్టింది. నాలుగేళ్లకు బాపుకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. నల్లగొండ దవాఖానలో పెట్టాం. పక్క మంచం మీద మిర్యాలగూడ వైపు రైతు ఒకాయన ఉండేవాడు, కాలు విరిగి. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి వినపడకపోయినా మాట్లాడుకుంటూ ఉండేవాళ్లు. ఒక మధ్యాహ్నం ఆ రైతు ఎనభై నాటి గ్రహణం మాట ఎత్తాడు. తాను ఆనాడు గడ్డివాములో దూరి, గ్రహణం విడిచేదాకా బయటికి రాలేదన్నాడు.

"మరి నువ్వు?" అని అడిగాడు.

బాపు తలుపు వేసుకున్న సంగతి చెబుతాడని నేను గ్లాసులో నీళ్లు పోస్తూ ఎదురుచూశాను. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. ఆయన కొంచెం దగ్గి, ఊపిరి అందాక చెప్పాడు. ఎండ ముక్కలు కొడవళ్లయి పడుగు మీద పడ్డాయని చెప్పాడు. మగ్గాలన్నీ ఆగిపోయాయని చెప్పాడు. చీకటి చల్లగా ఉందని చెప్పాడు. నల్లటి బిళ్ల చుట్టూ తెల్లగా లేచి, ఊగకుండా నిలబడ్డాయని చెప్పాడు. ఆనాడు ఇంట్లోకి వచ్చిన చీకటినీ, టీవీలో చూసిన బిళ్లనూ ఒకే పొద్దులో, ఒకే గొంతుతో చెప్పాడు.

"ఓయబ్బ! చూసినవన్నట్టు" అన్నాడు రైతు.

"చూసిన" అన్నాడు బాపు.

నేను గ్లాసు అందించాను. తాగి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.